పులి, సింహం, ఆక్టోపస్
యుద్ధకాలంలో గీసిన బొమ్మలు ఎవరిని ఏం చేశాయి?

శుక్రవారమంటే ఫిలింనగర్‌లో కొత్త సినిమా విడుదలయ్యే రోజు. సినిమా చూడకముందే మనం పోస్టర్ చూస్తాం. పోస్టర్ చూడగానే కథానాయకుడెవరో, ప్రతినాయకుడెవరో పసిపిల్లవాడు సైతం చెప్పేస్తాడు. కనుబొమ్మల వంపు, ముఖం మీద పడే నీడ, తలకు చుట్టిన గుడ్డ, చేతిలోని కత్తి... ఇవి చాలు. కథ ఇంకా తెలియదు, ఒక్క సంభాషణ కూడా వినలేదు. అయినా తీర్పు మాత్రం జరిగిపోయింది.

ఈ విద్య జూబ్లీహిల్స్‌లో పుట్టింది కాదు. నూట యాభై ఏళ్ల కిందట లండన్, పారిస్ నగరాల్లోని అచ్చు దుకాణాలు దీన్ని బాగా సాధన చేశాయి. అక్కడ అమ్మింది సినిమా కథ కాదు, యుద్ధం. దేశపటాన్ని తీసుకుని ఒక్కో దేశాన్ని ఒక్కో మనిషిగా, జంతువుగా గీసి, కింద నాలుగు మాటలు రాసి అమ్మేవారు. వారపత్రికల్లో పూర్తి పేజీ రాజకీయ చిత్రాలు వేసేవారు. వాటిని చూసి జనం నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే ఎవరు మిత్రుడో, ఎవరు శత్రువో, ఎవరిని చంపినా ఫరవాలేదో మనసులో నిర్ణయించుకునేవారు.

ఇదంతా పరాయి దేశాల పాత ముచ్చట కదా, మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఆ బొమ్మల్లో ఒకటి 1857 నాటి మన సిపాయిది. మరొకటి తుర్కీది. ఆ తుర్కీ రాజవంశపు ఆడపడుచు తర్వాతి కాలంలో హైదరాబాదుకు కోడలిగా వచ్చింది. కాబట్టి ఆ బొమ్మలను ఒకసారి నిదానంగా చూద్దాం.

పటం మీద ఎనిమిది చేతులు

1877 ఏప్రిల్ 24న రష్యా తుర్కీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ ఏడాదే లండన్‌లో ఫ్రెడ్ రోజ్ అనే చిత్రకారుడు ఐరోపా పటాన్ని కొత్త రకంగా గీశాడు. జి.డబ్ల్యు. బేకన్ సంస్థ దాన్ని అచ్చువేసింది. అందులో రష్యా ఒక పెద్ద ఆక్టోపస్. దాని చేతులు నాలుగు దిక్కులకూ సాగి ఫిన్లాండును, పోలండును, ఇరాన్‌ను చుట్టుకుంటున్నాయి. తుర్కీవాణ్ణి అప్పటికే పట్టేశాయి. ఒక చేయి మాత్రం తెగి ఉంటుంది. అది 1853 నుంచి 1856 దాకా జరిగిన క్రిమియా యుద్ధంలో తగిలిన గాయమని అర్థం. ఆ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్సు తుర్కీ పక్షాన నిలిచి రష్యాను ఓడించాయి.

మిగతా దేశాలూ ఊరికే లేవు. ఫ్రాన్సు 1870 నాటి పరాజయాన్ని తలచుకుంటూ ఆయుధాలు పరీక్షించుకుంటోంది. జర్మనీ దాన్నే కనిపెట్టి చూస్తోంది. హంగరీ రష్యా మీదికి దూకబోతే ఆస్ట్రియా వెనక్కి లాగుతోంది. స్పెయిన్ విశ్రాంతి తీసుకుంటోంది. బ్రిటన్ జాగ్రత్తగా చూస్తూ, అవసరమైతే తుర్కీని, సూయెజ్‌ను కాపాడటానికి సిద్ధంగా ఉంది.

ఈ చివరి మాటలోనే కిటుకంతా ఉంది. తుర్కీ మీద బ్రిటన్‌కు అంత ప్రేమ ఎందుకు? సూయెజ్ కాలువ కంపెనీలో ఈజిప్టు పాలకుడి వాటాలను బ్రిటన్ 1875లోనే కొనుక్కుంది. ఆ కాలువ హిందూస్తాన్‌కు దగ్గర దారి. రష్యా తుర్కీని మింగితే ఆ దారి ప్రమాదంలో పడుతుంది. రోజ్ గీసిన పటంలో హిందూస్తాన్ కనబడదు. కానీ గొడవలో సగం దాని గురించే. పటంలో లేని దేశం కోసం పటంలోని దేశాలు కొట్టుకుంటున్నాయన్నమాట. 1878లో ఏడువేల మంది దాకా హిందూస్తానీ సైనికులను బ్రిటన్ మాల్టా ద్వీపానికి తరలించింది. రష్యాను బెదిరించడానికి వాడుకున్న బలం మనవాళ్లదే.

ఆ యుద్ధంలో ఉస్మాన్ పాషా నాయకత్వాన తుర్కీ సేన ప్లెవ్నా పట్టణాన్ని దాదాపు అయిదు నెలలపాటు కాపాడింది. చివరికి 1877 డిసెంబరు 10న లొంగిపోయింది. తుర్కీ క్షతగాత్రుల కోసం హిందూస్తాన్‌లోని అనేక పట్టణాల్లో ముస్లింలు చందాలు పోగుచేశారు. 1878 మార్చి 3న శాన్ స్టిఫానో ఒడంబడిక కుదిరింది. అదే ఏడాది బెర్లిన్ సభలో తుర్కీ భూభాగాలను మళ్లీ పంచారు. తుర్కీకి కాపలాదారుగా బొమ్మలో కనిపించిన బ్రిటన్, ఆ కాపలాకు ప్రతిఫలంగా సైప్రస్ ద్వీపాన్ని తన అధీనంలోకి తెచ్చుకుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఆ యుద్ధానికి ముందు, 1876లో, బల్గేరియాలో తిరుగుబాటును అణచే పేరుతో తుర్కీ పక్షపు అక్రమ దళాలు వేలాది సామాన్యులను చంపాయి. బ్రిటన్ నాయకుడు గ్లాడ్‌స్టన్ దాని మీద ఒక చిన్న పుస్తకమే రాశారు. మనవాళ్లనుకున్నవారు చేసింది కాబట్టి అది దాచిపెట్టవలసిన సంగతి కాదు. ఆక్టోపస్ బొమ్మ రష్యా దాహాన్ని చూపింది. బల్గేరియా పల్లెల ఏడుపు ఆ ఎనిమిది చేతుల కథలో ఇమడదు. ఒక్క బొమ్మలో ఒక్క దోషికే చోటుంటుంది.

చిరాన్ ప్యాలెస్ గుర్తుచేసే బంధుత్వం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు దగ్గరలోనే కె.బి.ఆర్. పార్కు ఉంది. పొద్దున్నే నడకకు వచ్చేవారిలో చాలామందికి లోపలి చిరాన్ ప్యాలెస్ గురించి వినికిడి మాత్రమే. ఆసఫ్‌జాహీ వంశానికి చెందిన ఆ ఆవరణలో చాలా భాగాన్ని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఆ ప్యాలెస్‌తో పేరు ముడిపడిన ముకర్రం జా బహదూర్ ఏడవ నిజాం మనవడు. ఆయన తల్లి దుర్రె షెహ్వార్. ఆమె తండ్రి, తుర్కీ చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్. ఆయన తండ్రి సుల్తాన్ అబ్దుల్ అజీజ్.

ఈ వంశక్రమం ఎందుకు చెబుతున్నామంటే, సుల్తాన్ అబ్దుల్ అజీజ్‌ను సింహాసనం నుంచి దించింది 1876లో. మరుసటి ఏడే ఫ్రెడ్ రోజ్ ఆక్టోపస్ పటం అచ్చయింది. లండన్ దుకాణంలో జనం చూసి నవ్వుకున్న ఆ 'తుర్కు' ఒక ఊహాజీవి కాదు. అతనికి ఇల్లుంది, పిల్లలున్నారు, ఆ పిల్లల పిల్లలు మన నగరం దాకా వచ్చారు. 1924 మార్చి 3న తుర్కీ కొత్త ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసి ఆ కుటుంబాన్ని దేశం నుంచి పంపేసింది. ఏడవ నిజాం ఆ ప్రవాసికి నెలనెలా భృతి పంపారు. 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాకు దుర్రె షెహ్వార్‌తోనూ, రెండవ కుమారుడు మొఅజ్జం జాకు నిలోఫర్‌తోనూ నికాహ్ జరిగింది. ఇద్దరి పేర్లూ ఈనాటికీ హైదరాబాదు ఆస్పత్రుల మీద ఉన్నాయి. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. మక్కా మస్జిద్ ఆవరణలో ఆయనను ఖననం చేశారు.

మరొక విశేషం. ఆ చివరి ఖలీఫా స్వయంగా చిత్రకారుడు. తైలవర్ణ చిత్రాలు గీసేవారు. ఐరోపా బొమ్మకారులు హుక్కా, తలపాగా, మత్తు చూపులతో గీసిన తుర్కీలో కుంచె పట్టి తన ఇంటినీ తనవారినీ తానే చిత్రించుకోగల మనిషి ఒకడున్నాడు. ఆ సంగతి ఆ పటాలు కొన్నవారికి తెలిసే వీలు లేదు.

నవ్వులో పుట్టిన పటం

పటాన్ని బొమ్మగా మార్చే అలవాటు రోజ్‌తో మొదలు కాలేదు. 1868-69 ప్రాంతంలో లండన్‌లో 12 వినోద పటాల చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. జబ్బుపడిన తమ్ముణ్ణి నవ్వించడానికి పదిహేనేళ్ల అమ్మాయి గీసిన బొమ్మలవి అని దాని ముందుమాట చెబుతుంది. ఆ అమ్మాయి పేరు లిలియన్ లాంకాస్టర్. తర్వాత ఆమె రంగస్థల నటి అయింది. పిల్లలకు భూగోళం నేర్పడానికి అదొక మంచి ఉపాయమే. ఇటలీ బూటులా ఉందని బడిలో మనకూ చెప్పారు కదా!

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చేసరికి ఆ వినోదం రంగు మారింది. పారిస్‌లో పాల్ హడోల్ గీసిన పటంలో ప్రష్యా ఒక చేయి హాలండు మీద వేసి ఆస్ట్రియాను నొక్కేస్తోంది. ఫ్రాన్సు దానికి ఎదురు నిలిచింది. రష్యా బుట్ట నింపుకోవాలని చూసే బూచివాడు. ఐరోపాలోని తుర్కీ ఆవులిస్తూ లేస్తోంది, ఆసియాలోని తుర్కీ హుక్కా పొగలో మునిగి ఉంది. ఇంగ్లండు ఒంటరిగా కోపంతో శాపనార్థాలు పెడుతూ, గొలుసు కట్టి పట్టుకున్న ఐర్లండును దాదాపు మరచిపోయింది. ఆ పటం ఎంతగా అమ్ముడయిందంటే, ఇతర దేశాల అచ్చువాళ్లూ దాన్ని దించుకుని తమ భాషలో వేసుకున్నారు.

ఈ పటాల బలం ఎక్కడుంది? దేశపటమంటే మనకు నమ్మకం. బడి గోడ మీద వేలాడేది, కొలతలతో గీసింది, అందులో అబద్ధం ఉండదనుకుంటాం. ఆ నమ్మకాన్ని అరువు తెచ్చుకుని బొమ్మకారుడు తన అభిప్రాయాన్ని అందులో పెడతాడు. సరిహద్దు నిజమే, నదులు నిజమే, మధ్యలో కూర్చున్న జంతువు మాత్రం అతని సొంతం. నిజం పక్కన కూర్చోబెడితే అభిప్రాయం కూడా నిజంలాగే కనిపిస్తుంది.

1857: సిపాయి పులి అయిన వైనం

ఇక మన ఇంటి కథకు వద్దాం. 1841లో లండన్‌లో మొదలైన 'పంచ్' వారపత్రికకు జాన్ టెన్నియల్ అనే చిత్రకారుడు ఉండేవాడు. పిల్లలు ఇష్టపడే 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' పుస్తకానికి 1865లో బొమ్మలు వేసిందీ ఆయనే. బుధవారం రాత్రి విందు బల్ల దగ్గర పత్రికవాళ్లు ఆ వారం పెద్ద చిత్రం దేనిమీదో తేల్చేవారు. టెన్నియల్ దాన్ని చెక్క దిమ్మె మీద పెన్సిలుతో గీసేవాడు. స్వెయిన్ అనే శిల్పి పనివాళ్లతో దాన్ని చెక్కించేవాడు. అలా చెక్కిన దిమ్మెను సిరాతో అద్దితే బొమ్మ. అంటే లండన్‌లో కూర్చున్న కొద్దిమంది భోజనం చేస్తూ అనుకున్నది మరుసటి వారం వేలాది ఇళ్లకు చేరేది.

1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. అప్పటికి హిందూస్తాన్‌కూ లండన్‌కూ మధ్య నేరుగా తంతి లేదు. ఉత్తరం చేరడానికి నెల పైగా పట్టేది. వార్తలు ముక్కలు ముక్కలుగా, పుకార్లతో కలిసి చేరేవి. కాన్పూరులో ఆంగ్లేయ స్త్రీలను, పిల్లలను చంపిన మాట నిజం, అది ఘోరం. దాని చుట్టూ అల్లిన ఎన్నో కథలు నిజం కావని తర్వాత ఆంగ్లేయుల విచారణల్లోనే తేలింది. కానీ బొమ్మ విచారణ కోసం ఆగదు.

1857 ఆగస్టు 22న టెన్నియల్ చిత్రం వచ్చింది. ఒక స్త్రీ, ఆమె బిడ్డ నేల మీద పడి ఉన్నారు. వారి మీద బెంగాల్ పులి. ఆ పులి మీదికి దూకుతున్న బ్రిటిష్ సింహం. సెప్టెంబరు 12న 'న్యాయం' అనే పేరుతో ఇంకొకటి. అందులో న్యాయదేవత కత్తి దూసి సిపాయిలను తొక్కుకుంటూ సాగుతోంది. వెనుక హిందూస్తానీ తల్లులు, పిల్లలు విలపిస్తున్నారు. న్యాయం పేరుతో ఏం జరగబోతోందో ఆ బొమ్మ దాచలేదు, సమర్థించింది. అక్టోబరు 24న వచ్చిన చిత్రం మరీ విచిత్రం. విచక్షణ లేకుండా ఉరితీతలు వద్దన్న గవర్నర్ జనరల్ కానింగ్‌ను, రక్తం ఓడే సిపాయి తల నిమిరే అమాయకుడిగా ఎగతాళి చేశారు. దయ చూపమన్నవాడే నవ్వులపాలయ్యాడు.

పులి బొమ్మలో ఏం జరిగిందో గమనించండి. సిపాయికి జీతం గొడవ ఉంది, తూటాల గొడవ ఉంది, అవధ్ రాజ్యాన్ని 1856లో కంపెనీ కలిపేసుకున్న బాధ ఉంది. పులికి ఇవేమీ ఉండవు. పులికి ఫిర్యాదు ఉండదు, ఆకలి మాత్రమే ఉంటుంది. మనిషిని పులిగా గీసిన క్షణాన అతని ఫిర్యాదు వినవలసిన అవసరం తీరిపోతుంది. పులితో మాట్లాడేవారెవరు? వేటాడటమే. ఆ తర్వాత ఢిల్లీలో, అవధ్‌లో, దారి పొడుగునా ఉన్న ఊళ్లలో జరిగిన ఉరితీతలకు లండన్ ఇళ్లలో అంతగా ఎవరి గుండే అదరకపోవడానికి ఈ బొమ్మలు కొంత కారణం.

'తుర్రంఖాన్' అన్న మాట

అదే 1857లో హైదరాబాదు కథ. జమాదార్ చీదా ఖాన్ అనే హైదరాబాద్ కంటింజెంట్ సైనికుడు తన మనుషులతో నగరానికి వస్తే పట్టుకుని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించారు. అప్పుడు దివాన్ మొదటి సాలార్ జంగ్, రెసిడెంట్ డేవిడ్సన్. 1857 జులై 17 శుక్రవారం నాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల నాయకత్వాన దాదాపు 500 మంది, రోహిల్లాలు, నగరవాసులు, కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. పక్కనున్న ఇళ్లలో మాటువేసి రాత్రంతా పోరాడారు. ఫిరంగుల ముందు నిలవలేక తెల్లవారేసరికి చెదిరిపోయారు.

మౌల్వీ అల్లాఉద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకున్నారు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర ఆయనను చంపి, శవాన్ని హైదరాబాదుకు తెచ్చి నలుగురూ చూసేలా వేలాడదీశారు. అది కూడా ఒక రకం ప్రకటనే, కాగితం మీద కాకుండా మనిషి దేహం మీద వేసింది.

దాని తర్వాత జరిగిందే మనం ఆలోచించవలసినది. మన వాడుకలో 'తుర్రంఖాన్' అనే మాట ఉంది. 'పెద్ద తుర్రంఖాన్ వచ్చాడండీ', 'నువ్వేమన్నా తుర్రంఖాన్‌వా' అంటూ లేని గొప్ప చూపేవాణ్ణి వెక్కిరిస్తాం. ఈ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందని హైదరాబాదులో పెద్దలు చెబుతారు. 2023లో 'తురుంఖాన్‌లు' పేరుతో తెలుగులో హాస్య చిత్రం కూడా వచ్చింది. ఎవరినీ అవమానించాలని పెట్టిన పేరు కాదది, వాడుకలో ఉన్న మాటే. అయితే ప్రాణాలకు తెగించి నిలబడ్డవాడి పేరు ఎలా ఎగతాళి మాటయిందో చూడండి. సిరా అక్కర్లేదు, దిమ్మె అక్కర్లేదు. నాలుక మీదే వ్యంగ్య చిత్రం గీసేశారు. మనమూ తెలియకుండానే దాన్ని రోజూ అచ్చువేస్తున్నాం.

ఆ మాటలో ఇంకో ధ్వని కూడా మిగిలే ఉంది. 'వాడు తుర్రంఖాన్ రా' అని మెచ్చుకోలుగా అనేవారూ ఉన్నారు. అణచేసినా ఆయన తెగువ జ్ఞాపకం పూర్తిగా పోలేదన్నమాట. కోఠీలో ఆయన పేరిట రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీదుగా వెళ్లేటప్పుడు పిల్లలకు ఆ పేరు వెనుక మనిషిని పరిచయం చేయడం మన చేతిలో పని.

మనవాళ్లు ఊరుకున్నారా?

ఊరుకోలేదు. ఆక్టోపస్ పటం వచ్చిన 1877లోనే లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ 'అవధ్ పంచ్' అనే ఉర్దూ వారపత్రిక మొదలుపెట్టారు. పేరు లండన్ 'పంచ్' నుంచి తీసుకున్నదే, నోరు మాత్రం తమది. రతన్‌నాథ్ సర్షార్, అక్బర్ ఇలాహాబాదీ వంటివారు దానికి రాశారు. హిందువులూ ముస్లింలూ కలిసి నడిపిన హాస్యం అది. ఉర్దూ నస్తాలీఖ్ లిపికి సీసపు అక్షరాలు సరిగా కుదరవు కాబట్టి కాతిబ్ చేతితో రాసిన పేజీనే రాతి మీదికి దించి అచ్చువేసేవారు. రాసిన కలమే బొమ్మ కూడా గీయవచ్చు, రెండూ ఒకే రాతి మీద ఒదుగుతాయి. అందుకే బొమ్మల పత్రిక పెట్టడానికి రాతి అచ్చు అనుకూలించింది.

'అవధ్ పంచ్' ఆంగ్లేయ అధికారులను వదల్లేదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వంటి మన పెద్దలనూ వదల్లేదు. ఆయనతో ఏకీభవించినా లేకపోయినా, తనవారిని తాను విమర్శించుకునే ధైర్యం ఆ పత్రికకు ఉండేది. పాలకుడి మీద వేసే బొమ్మకూ, దిక్కులేనివాడి మీద వేసే బొమ్మకూ తేడా ఉందని ఆ సంపాదకులు తమ పని ద్వారా చూపారు.

జపాన్‌లోనూ అదే జరిగింది. 1904లో రష్యాతో యుద్ధం రాగానే కేయో విశ్వవిద్యాలయ విద్యార్థి కిసాబురో ఓహరా ఆక్టోపస్‌ను అరువు తెచ్చుకుని ఐరోపా, ఆసియా ఖండాల పటం గీశాడు. ఈసారి ఆక్టోపస్ చేతులు చైనా దాకా సాగాయి. లండన్ బొమ్మ తోక్యోలో కొత్త జన్మ ఎత్తింది.

మారే మిత్రులు, మారని ఆక్టోపస్

ఆక్టోపస్ తర్వాతి ప్రయాణం గుర్తుపెట్టుకోదగ్గది. 1882లో బ్రిటన్ ఈజిప్టును ఆక్రమించుకుంది. అప్పుడు అమెరికాలో గీసిన బొమ్మలో ఆక్టోపస్ బ్రిటనే. 1907లో బ్రిటన్, రష్యా రాజీపడ్డాయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి రష్యా బ్రిటన్‌కు మిత్రుడు, తుర్కీ శత్రువు! 1877 పటంలో కాపాడవలసినవాడు శత్రువయ్యాడు, రాక్షసి చుట్టమైపోయింది. 1917లో ఫ్రెంచి పోస్టర్ ఒకటి ప్రష్యాను ఆక్టోపస్‌గా చూపింది. అంటే జంతువు అదే, దాని మీద రాసే పేరే మారుతూ వచ్చింది. ఆ దేశాల ప్రజలు రాత్రికి రాత్రి మారిపోయారా? లేదు, మారింది రాజుల లెక్క.

చివరికి ఈ బొమ్మ ఎక్కడికి దిగజారిందో కూడా చెప్పాలి. 1930ల చివర్లో నాజీ జర్మనీ చిత్రకారుడొకడు యూదుల నక్షత్ర గుర్తుతో ఆక్టోపస్‌ను గీసి భూగోళాన్ని చుట్టించాడు. పైన చెప్పుకున్న బొమ్మల్లో ఆక్టోపస్ ఒక ప్రభుత్వం, ఒక సైన్యం. ఇప్పుడది ఒక జాతి. ప్రభుత్వాన్ని విమర్శించే బొమ్మ ఒక జాతిని ద్వేషించే బొమ్మగా మారడానికి చిత్రకారుడు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేకపోయింది. దాని పర్యవసానం లక్షలాది అమాయకుల ప్రాణాలు. ఈ గుణపాఠం యూదులకొక్కరికే కాదు, మనకూ ప్రతి సమాజానికీ వర్తిస్తుంది. మన మీద వేసిన బొమ్మ చూసి బాధపడేవాళ్లం, ఇంకొకరి మీద వేసిన బొమ్మ చూసి నవ్వుతున్నామా అని అడుగుకోవాలి.

ఫిలింనగర్‌లో ఆ విద్య

మళ్లీ ఫిలింనగర్‌కు వద్దాం. షేక్‌పేట సరాయి, మసీదు, ఆ పక్కన కుతుబ్‌షాహీ సమాధులు... వీటి పొరుగున తెలుగు చిత్రపరిశ్రమ ఇల్లు కట్టుకుంది. చరిత్రను తెరమీదికి తేవడం ఆ పరిశ్రమకు ఇష్టమైన పని. 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' రేనాటి పాలెగాడి కథను 1857 నాటి ఝాన్సీ రాణి నోట చెప్పించింది.

2020 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' చిత్రం టీజర్‌లో కొమురం భీం పాత్ర తలమీద టోపీతో ఒక్క క్షణం కనబడింది. వెంటనే అభ్యంతరాలు లేచాయి. భీంకు టోపీ ఏమిటని కొందరు కోప్పడ్డారు. 2022 మార్చి 25న సినిమా వచ్చాక తెలిసింది, ఢిల్లీలో మారుపేరుతో, ఒక ముస్లిం కుటుంబం నీడలో తలదాచుకున్న పాత్ర అని. ఏడాదిన్నరపాటు ఒక్క టోపీ బొమ్మ మీద వాదనలు నడిచాయి. కథ ఎవరికీ తెలియదు. కల్పిత కథలో భీంను అలా చూపవచ్చా లేదా అన్నది వేరే చర్చ. మేము చెప్పదలచింది, ఒక్క టోపీ ఎంత వేగంగా అర్థమైపోతుందో అని. టోపీ, సుర్మా, గడ్డం, పచ్చరంగు... వీటిని చూడగానే ప్రేక్షకుడి మనసు ఒక నిర్ణయానికి వస్తే, ఆ అలవాటు ఒక్క సినిమా వల్ల ఏర్పడింది కాదు. అదే టోపీని ఆశ్రయమిచ్చిన ఇంటి గుర్తుగా చూపడమూ ఆ పరిశ్రమకే చేతనవును. కుంచె ఎటైనా తిరుగుతుంది.

ఇంట్లో చేయదగిన పని

పూర్వం బొమ్మ చెక్కడానికి పూటలు పట్టేది, అచ్చుకు ఇంకొన్ని, పంచడానికి మరికొన్ని. ఆ ఆలస్యంలో కోపం కొంత చల్లారేది. ఇప్పుడు ఫోనులో బొమ్మ తయారీకి, పంపడానికి నిమిషం చాలు. పంపేవారు బొమ్మకారులు కారు, మనమే. అన్నయ్య పంపాడని వదిన, వదిన పంపిందని పక్కింటి ఆపా... ఇలా చేతులు మారుతుంది.

అల్ హుజురాత్ సూరా మన పాఠకులకు తెలిసిందే. తెచ్చినవాడు నమ్మదగనివాడైతే వార్తను ముందు విచారించుకోమనే హెచ్చరిక, ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనే హెచ్చరిక, చెడ్డ పేర్లు పెట్టి పిలవవద్దనే హెచ్చరిక, మూడూ ఆ ఒక్క సూరాలోనే ఉన్నాయి. పులి బొమ్మ ఈ మూడింటినీ ఒకేసారి ఉల్లంఘించింది. వార్తను విచారించలేదు, జాతిని ఎగతాళి చేసింది, మనిషికి మృగం పేరు పెట్టింది.

కాబట్టి పిల్లలు ఏదైనా బొమ్మ తెచ్చి చూపినప్పుడు కొట్టిపారేయకుండా కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఇది ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు? ఇందులో ఉన్నది ఒక ప్రభుత్వమా, పాలకుడా, లేక ఒక జాతి మొత్తమా? బొమ్మలో లేనిదెవరు, 1877 పటంలో హిందూస్తాన్ లాగా? ఇందులో జంతువుగా గీసినవాడికి నోరుంటే తన ఫిర్యాదు ఏమని చెబుతాడు?

పాత పటాలు చూపించడానికి దూరం పోనక్కర్లేదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఇలాంటి పటాల సేకరణను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా కంప్యూటరులో పెట్టింది. రోజ్, హడోల్, ఓహరా ముగ్గురూ అందులో ఉన్నారు. హిందూస్తాన్ పటాల మంచి సేకరణ బంజారాహిల్స్‌లోని కళాకృతి సంస్థ దగ్గర ఉంది. 2015లో ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఆ పటాలను ప్రదర్శించారు. పిల్లలు ఆక్టోపస్‌ను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి, బొమ్మ బాగుంటుంది కూడా. నవ్వు ఆగాక తుర్కీవాడి బొమ్మ మీద వేలు పెట్టి, ఇతని చుట్టాలు మన ఊళ్లో ఎక్కడున్నారో చెప్పుకోండి చూద్దామని అడగండి.